సేనాని నవ్వనన్నాడు

బాబాయి గారికి నమస్కారాలు.

గొంతుకి విశ్రాంతి అంటూ మైకు ముందు తప్ప మీరు నోరు విప్పరు కాబట్టి, స్టూడియో పై అంతస్తు నుంచి కింది అంతస్తుకి ఉత్తరం రాయాల్సి వస్తోంది. ఈ రోబోల యుద్ధం డబ్బింగ్ సీరియల్‌కి తెలుగు మాటలు రాసేది నేను. శత్రు సేనానికి గొంతు ఇచ్చేది మీరు. నిన్న నేను రాసింది "ఆనకట్ట పేల్చేస్తా, హహహ" అని. మీరు చెప్పింది "దిగువన మా పిల్లలు గుక్కెడు నీళ్లకి అలమటిస్తున్నారు, వేరే దారి ఉంటే చెప్పు" అని. దానికి హీరో "నోర్ముయ్ దుర్మార్గుడా" అన్నాడు. ఏం చేస్తాడు, అతని పెదాలు తెర మీద కనపడతాయి, ఆ కదలికకి అంతకన్నా పొడుగు మాట పట్టదు. సేనానికి హెల్మెట్ ఉందని మీ ఇష్టారాజ్యమా?

విలన్ విలన్‌లా ఉండాలని మేనేజర్ గారి ఆజ్ఞ. ఈ సీరియల్ అయ్యాకే నా ఉద్యోగం ఖాయం చేస్తారు. దయచేసి నవ్వండి.

ఇట్లు,
మీ బుజ్జి

తా.క. మీకు ఈ వేషం ఇప్పించింది నేనే. కొరివితో తల గోక్కున్నాను.

*

చిరంజీవి బుజ్జికి బాబాయి దీవెనలు.

నలభై ఏళ్లు నాటకాల్లో విలన్ వేషాలు కట్టాను. నేను దుర్మార్గుణ్ణి అనుకుంటూ ఎవడూ పొద్దున్నే నిద్ర లేవడమ్మా. ఈ సేనాని యుద్ధానికి వెళ్లేముందు చనిపోయినవాళ్ల పేర్లు గోడ మీద రాస్తాడు, శత్రువులవి కూడా. అలాంటివాడి చేత హహహ అనిపిస్తే నాకు అన్నం సహించదు. మీ హీరో ఇంతవరకు ఎవరినైనా ఒక్క ప్రశ్న అడిగాడా? పైవాళ్లు కాల్చమంటే కాలుస్తాడు.

నీ మేలు కోరే,
బాబాయి

తా.క. హీరోకి గొంతు ఇచ్చేవాడు టీ తాగుతూ, సేనాని గురించి నేను రాసి చూపించిన చీటీలన్నీ చదివాడు. మన పక్షానికి వచ్చేశాడు.

*

బాబాయి గారికి, ఓపిక లేకపోయినా నమస్కారాలు.

మన పక్షం ఏమిటండీ? మీ పుణ్యమా అని హీరో ఇవాళ "నీ బాధ నాకు తెలుసు" అన్నాడు. అంటూనే తెర మీద మీ రోబో చెయ్యి నరికాడు. చూసేవాళ్లు ఏమనుకోవాలి?

అయినా ఆనకట్ట పేలిస్తే దిగువకి వెళ్లేది మంచినీళ్లు కాదు, వరద. గట్టు కింద హీరో అక్క ఇద్దరు పిల్లలతో ఉంటోంది. ఆవిడ ఎవరికి చెప్పుకోవాలి?

"మీ బాబాయికి నచ్చజెప్తావా, వేరే ఉద్యోగం చూసుకుంటావా" అని మేనేజర్ గారు అడిగేశారు. శుక్రవారం ఆఖరి భాగం. మీరు నవ్వకపోతే నేను ఏడవాలి.

ఇట్లు,
విసిగిపోయిన బుజ్జి

తా.క. పిన్ని ఫోన్ చేసింది. కూర ఎవరు మాడ్చారంటే "ఇరుపక్షాలా న్యాయముంది" అని పలక మీద రాసి చూపించారట. పొయ్యి దగ్గరున్నది మీరొక్కరేనట.

*

చిరంజీవి బుజ్జికి, ఓడిపోయిన బాబాయి దీవెనలు.

ఆ అక్క సంగతి నాకు తట్టలేదు. నా న్యాయం కోసం నీ ఉద్యోగం పోగొడితే నేనూ ఆనకట్ట పేల్చినవాణ్ణే. శుక్రవారం వచ్చి నవ్వుతాను.

బాబాయి

తా.క. అద్దం ముందు నవ్వు సాధన చేశాను. మీ పిన్ని డాక్టర్ని పిలిచింది.

*

బాబాయి గారికి నమస్కారాలు.

మీరిక సేనాని కాదు. ఆఖరి భాగం బొమ్మ ఇవాళే చేతికొచ్చింది. అందులో సేనాని హెల్మెట్ తీసేస్తుంది. అవును, తీసేస్తుంది. లోపలున్నది ఇరవై ఏళ్ల పిల్ల. గొంతు మార్చే యంత్రం పెట్టుకుందట. ఇరవై అయిదు భాగాలు మీ బొంగురు గొంతుతో లాగించాం.

మేనేజర్ గారు తల పట్టుకుని, ఆ పిల్ల గొంతుకి రిహార్సల్‌లో నన్నే మైకు ముందు నిలబెట్టారు. కాగితం మీద, బొమ్మ రాకముందు నేను రాసిన నవ్వే ఉంది. తెర మీద ఆ పిల్ల ఏడుస్తోంది. నాలుగుసార్లు ప్రయత్నించి కాగితం పక్కన పెట్టేశాను. "నవ్వు ఏది?" అన్నారు మేనేజర్ గారు. "నవ్వను" అన్నాను. ఉద్యోగం సంగతి శుక్రవారం తేలుస్తారట. భయంగానే ఉంది, కానీ మాట వెనక్కి తీసుకోను.

ఇట్లు,
మీ బుజ్జి

తా.క. ఆ పిల్ల మీద కత్తి ఎత్తనని హీరో గొంతాయన ఇంటికి వెళ్లిపోయాడు. కాబట్టి శుక్రవారం హీరో మీరే. యుద్ధంలో గొంతు బొంగురుపోయిందని సర్దేస్తారట. అక్క తరఫున గట్టిగా మాట్లాడండి. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.