కేకులో నడిమధ్య ముక్క

అమ్మా,

నువ్వు లేకుండా వచ్చిన మొదటి క్రిస్మస్ ఇది. నందిగామ నుంచి కేకు తెస్తానని నాన్న అన్నా నేను ఒప్పుకోలేదు. నీలాగే మైదా, పంచదార, వెన్న ఒక్కొక్కటీ గుడ్ల బరువుకి సరితూచాను. కుక్కర్లో ముక్త్యాల ఏటి ఇసుక పోసి వేడిచేశాను.

ఒకే గిన్నెలో నలుగురి రుచులు ఎలా తెచ్చేదానివో నాకు అంతుపట్టేది కాదు. పిండి చిక్కగా ఉంటే ఒకదాంట్లో ఒకటి కలిసిపోవని ఇవాళ తెలిసింది. నాన్న వైపు యాలకుల పొడి, తమ్ముడి వైపు టూటీఫ్రూటీ, నా వైపు కమలా తొక్క తురుము వేశాను. ఒట్టి కేకే ఇష్టమని నానమ్మ వైపు ఏమీ వేయలేదు.

"యాలకులు కాస్త తగ్గినయ్," అన్నాడు నాన్న, ఇంకో ముక్క తీసుకుంటూ.

చివరికి నడిమధ్య ముక్క మిగిలింది. అది ఎప్పుడూ నువ్వే తినేదానివి. సరిగ్గా ఉడకదని మాకు పెట్టవేమో అనుకునేవాళ్లం. ఇవాళ చూస్తే బాగానే ఉడికింది. మరి ఎందుకు దాచుకునేదానివో చూద్దామని కొరికాను. ముందు యాలకుల వాసన, వెనకే కమలా తొక్క చిరుచేదు, పంటికింద టూటీఫ్రూటీ, అన్నిటికీ అడుగున నానమ్మ ఒట్టి కేకు.

"నాక్కొంచెం పెట్టవే అక్కా," అన్నాడు తమ్ముడు.

నేను పెట్టలేదు.