ఏడాది వాడని పువ్వు

తమ్ముడూ, కార్డు చివర చోటు చాలదు కనుక పిల్లలకు ముద్దులు ముందే పెట్టేస్తున్నాను.

నువ్వు కొనిచ్చిన కాక్టస్ పువ్వు ఏడాదైనా వాడలేదని ఇక్కడ అందరి దగ్గరా గొప్పలు పోయాను. నిన్న కుండీ మారుస్తుంటే అది ఊడి చేతికొచ్చింది. కాగితం పువ్వును జిగురుతో అంటించారు. దాని కింద మొక్క నడినెత్తిన కుళ్లిపోయింది. "ఏడాదిగా కాగితానికి నీళ్లు పోశావా తల్లీ!" అని నాతో గదిలో ఉండే నర్సు ఒకటే నవ్వు. నువ్వు తెలిసే కొన్నావా అని అడగను. బాగున్న పిలక ఒకటి కోసి, నాగజెముడు మీద అంటుకట్టి దారం చుట్టాను.

వంటింటి కిటికీ రెక్క బాగుచేయించావా? మరదలి దగ్గు తగ్గిందా?

నాన్న మంచం దిగి తిరుగుతున్నారని ప్రతి కార్డులోనూ నువ్వే రాస్తున్నావు. ఈసారి ఆయన చేత ఒక్క ముక్క రాయించు. అక్షరాలు వంకరపోయినా సరే.

అక్క