కోడిపుంజుకి అభ్యంతరం

అమీర్‌పేట,
11-11-1986

ప్రియమైన నవోమికి,

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, మిరప్పొడికి తుమ్ముతూ మన పొట్లాలు కట్టే మంగవ్వా, ఇద్దరం క్షేమం. నంద్యాలలో నువ్వూ, మీ చెల్లెలూ, ఆ కవల పిల్లలూ క్షేమమని తలుస్తాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ఏడుస్తున్నారో రాయలేదు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబులు. ధనియాలు మాడడం లేదు. నేను వేయించడం మొదలుపెట్టగానే మంగవ్వ నా చేతిలోంచి గరిటె లాక్కుంటోంది కాబట్టి మాడే అవకాశం లేదు. అన్నం వేళకే తింటున్నాను. ఇక, శనివారం శనివారం కొట్లు తిరిగి మన మసాలా పొట్లాలు చూసి వస్తున్నారా అని అడిగావు. దానికి కొంచెం పెద్ద జవాబు రాయాలి. కూర్చుని చదువు.

కిందటి వారం పాస్టరమ్మగారు కోడిపుంజు మార్క్ మసాలా పొట్లం పట్టుకుని మన ఇంటికే వచ్చారు. కూరలో వేస్తే రంపపుపొట్టు వాసన వచ్చిందట. నవోమి ఊళ్లో లేకపోతే సరుకు ఇంతేనా అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. పొట్లం చూస్తే అదే ఎర్ర కాగితం, అదే పసుపుపచ్చ పుంజు. కానీ నువ్వు గీసిన పుంజు కుడివైపు చూస్తుంది, ఇది ఎడమవైపు చూస్తోంది.

తిన్నగా సాబిర్ భాయ్ కిరాణా కొట్టుకి వెళ్లాను. రెండు రకాల పొట్లాలూ ఒకే అరలో ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. సాబిర్ భాయ్ ఏమాత్రం తడుముకోలేదు. "నవోమక్క ఉన్నప్పుడు వారం వారం వచ్చి అర మొత్తం దులిపి చూస్తుండె. మీరేమో కనబడుడే బంద్ చేసిన్రు. గిరాకొచ్చి కోడి మసాలా అంటడు, చేతికేది దొరికితే గది ఇస్త. కోడి కోడే కద అన్నా," అన్నాడు. బేగంపేట హోటలువాళ్లు ఇక మన సరుకు వద్దని అతనితోనే కబురు పెట్టారు. ఇన్నేళ్లు నువ్వు కళ్లు మండించుకుని సంపాదించిన పేరు నా చేతుల్లో పోతోందని భయం వేసింది.

పంజగుట్టలో లాయర్ హైమవతి గారి దగ్గరకి పరిగెత్తాను. మన గుర్తు రిజిస్టరు చేయించింది ఆవిడే కదా. రిజిస్టరు అయింది కాబట్టి ఇక సర్కారువాళ్లే చూసుకుంటారనుకున్నానని చెప్పాను. సర్కారు మీ తరఫున కొట్లు తిరగదండీ అని ఆవిడ నవ్వారు. ఆ ఎడమచూపు పుంజుని కూడా రిజిస్టరు చేయమని ఎవరో దరఖాస్తు పెట్టారనీ, అది ట్రేడ్ మార్క్ జర్నల్‌లో అచ్చయిందనీ చూపించారు.

"మీ చర్చిలో పెళ్లి ప్రకటన చదువుతారు కదండీ, ఇదీ అలాంటిదే. అభ్యంతరం ఉన్నవాళ్లు గడువులోగా చెప్పాలి. మాట్లాడకుండా కూర్చుంటే ఒప్పుకున్నారనుకుంటారు," అన్నారు. ఈ రెండో పుంజు సంగతి మీకు ముందే తెలుసా అని కూడా అడిగారు. నేను ఫ్యాను వైపు చూశాను.

నవోమీ, నాకు తెలుసు. ఇన్ని ఉత్తరాల్లో నీకు రాయలేకపోయింది ఇదే. నువ్వు బండెక్కిన వారానికే సాబిర్ భాయ్ కొట్లో ఆ పొట్లాలు దింపుతూ ఏసోబు ఎదురుపడ్డాడు. మన చర్చి పాటల బృందంలో బొంగురు గొంతుతో పాడే ఏసోబే. "జర సర్దుకో అన్నా, మనం ఒక్క సంఘమోళ్లం. నీ పుంజు అటు జూస్తది, నా పుంజు ఇటు జూస్తది, ఫికరెందుకు," అన్నాడు. నేను పోనీలే అన్నాను. పైగా అతని సంచీ ఒకటి మోసిపెట్టాను. మళ్లీ అతని మొహం చూడాల్సి వస్తుందని కొట్లకు వెళ్లడమే మానేశాను. దీన్ని నువ్వు మంచితనం అంటావు. అది పిరికితనం. నాకు చాలా సిగ్గుగా ఉంది.

రెండో సంగతి నీకు ఎలాగూ ఎవరో ఒకరు రాసేస్తారు, నేనే ముందు రాస్తున్నాను. మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఏసోబు కొడుకు పెళ్లి ప్రకటన మూడోసారి చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే తెలపాలని చెప్పి ఆగారు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు దగ్గుతారు, అంతే. నా చెవుల్లో మాత్రం లాయరుగారి మాటే మోగుతోంది. నా కాళ్లు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"అభ్యంతరం ఉందండి," అన్నాను.

చర్చి అంతా నా వైపు తిరిగింది. పెళ్లికూతురి తండ్రి బెంచీని గట్టిగా పట్టుకున్నాడు. పెళ్లికొడుకు, పాపం, తను ఎక్కడ ఏం చేశాడా అని గుర్తు తెచ్చుకుంటున్నట్టున్నాడు. ఏమిటా అభ్యంతరమని పాస్టరుగారు నీరసంగా అడిగారు.

"పెళ్లికి కాదండి. కోడిపుంజుకి."

ఆ తర్వాత పాస్టరమ్మగారు కూడా లేచి రంపపుపొట్టు సంగతి చెప్పడంతో ఆరాధన అక్కడే ఆగిపోయింది. పంచాయితీ ఆరాధన గదిలోంచి పాస్టరుగారి గదిలోకి మారాక, ఏసోబు తల దించుకుని, "గా రోజే వద్దంటే నేను ఆగుతుంటి కద అన్నా," అన్నాడు. అది నిజమే, అందుకే మరీ బాధ కలిగింది. దరఖాస్తు వెనక్కి తీసుకుని బాతు బొమ్మ పెట్టుకుంటానన్నాడు. నిన్న పొద్దున వెళ్లి చెబితే హైమవతి గారు మాత్రం నోటిమాట చాలదన్నారు. కవరులో అభ్యంతరం కాగితం పెట్టాను, గుర్తు నీ పేరు మీదే ఉంది కాబట్టి నువ్వే సంతకం చేసి వెంటనే పంపు. పాస్టరుగారు నన్ను కొన్నాళ్లు వెనక బెంచీలో కూర్చోమన్నారు. అక్కడ గాలి బాగానే వస్తుంది.

నిన్న సాయంత్రం ఏసోబు భార్య స్వరాజ్యం మన పెరటి గుమ్మంలోంచి వచ్చింది. పెళ్లి బిర్యానీకి మన మసాలా కావాలట. "మా ఆయన పొడి ఏస్తే పెండ్లిల పరువు పోతది అన్నా. బొమ్మ లేని కవర్ల కట్టియ్యి, ఆయన జూస్తే గొడవైతది," అంది.

నా సంగతి నీకు తెలుసు. పోనీలే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"బొమ్మ లేకుండా ఇవ్వనమ్మా," అన్నాను.

ఆమె నన్ను కాసేపు ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత పొట్లాలు తీసుకుని, పుంజు బొమ్మ బయటికి కనిపించేలా చంకన పెట్టుకుని, మన ముందు గుమ్మంలోంచే వెళ్లింది.

ఇట్లు,
శనివారాలు కొట్లు తిరిగే
నీ భర్త,
యేసురాజు