వాడు తలెత్తేదాకా

పూతలపట్టు,
28-10-2001, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి ప్రశాంతికి,

మీ నాయన సుందరరాజు దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మీ అమ్మా తిరుగుతూనే ఉన్నాము, కాబట్టి క్షేమమనే అనుకో. అక్కడ నువ్వు, అల్లుడు జయరామ్, మన గిరి బాగుండాలని రోజూ కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంటున్నాను. ఐదు నెలలుగా నువ్వు నాతో మాట్లాడలేదు. పక్కింటి చంద్రకాంతమ్మ వాళ్ళకు ఫోను చేసి మీ అమ్మనే పిలిపించుకుంటావు. నేను గడప దగ్గరే నిలబడి ఉంటానని తెలిసినా నాయన ఎట్లున్నాడని అడగవు. అడగొద్దులే. తప్పు నాది.

ఈసారి వానలు పరవాలేదు. చెనక్కాయ పీకడం అయిపోయింది. మీ అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా ఎప్పటిలాగే ఉంది. ఉడకబెట్టిన కాయలు బిడ్డకు పంపాలి, ఎవరి చేత పంపేది అని పొద్దస్తమానం నన్ను సాధిస్తోంది.

ఇక అసలు సంగతి. శుక్రవారం జయరామ్ ఉత్తరం వచ్చింది. గిరిని మద్రాసు దగ్గర ఇట్లాంటి పిల్లల హాస్టలులో చేర్చాలని నిశ్చయించాడట. తాను సంతకం పెట్టేశాడట, నీ సంతకం ఒక్కటే మిగిలిందట. మీరొక మాట చెబితే ప్రశాంతి వింటుంది, మే నెలలో మీరు చెప్పిందే చివరికి నిజమైంది మామా, అని రాశాడు. అది చదివి నాకు తల కొట్టేసినట్టయింది.

అమ్మా, సంతకం పెట్టొద్దు. ముందు ఈ మాట చెప్పేస్తే మిగతాది నిదానంగా రాయగలను.

మే నెల సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. మీ అన్న నరేంద్ర కూతురికి చెవులు కుట్టించిన రోజు. వచ్చిన చుట్టాలంతా వాకిట్లో చెప్పులు విడిచి పందిట్లో కూర్చున్నారు. గిరి ఎవరి జోలికీ పోలేదు. మిగతా పిల్లలు కేకలు పెట్టి పరిగెత్తుతుంటే చెవులు మూసుకుని వాకిట్లోకి పోయి, ఆ చెప్పులన్నీ వరసగా పేర్చాడు. చిన్న చెప్పు నుంచి పెద్ద చెప్పు దాకా, ముందు భాగాలన్నీ గోడకు ఆనేట్టు, వీధి మొగదాకా. మా తోడల్లుడు గోవిందస్వామి అది చూసి, ఏమప్పా సుందరరాజూ, మీ మనవడు తిరుపతిలో చెప్పుల స్టాండు పెట్టేట్టుండాడే అని అరిచాడు. పందిరి పందిరంతా నవ్వింది. నేను లేచి పోయి ఆ వరసను కాలితో తన్నేశాను. వాడి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు. చెదిరిన చెప్పుల్లో నుంచి అన్నిటికంటే చిన్నది వెతికి తెచ్చి, మళ్ళీ మొదటి నుంచి పేర్చడం మొదలుపెట్టాడు. అప్పుడే నేను ఆ మాట అన్నాను. ఇట్లాంటోణ్ణి యాడన్నా చేర్చేయండి, నలుగురిలో తలెత్తుకోలేకుండా ఉండాము అని. నువ్వు విస్తరి ముందు నుంచి లేచి, వాణ్ణి ఎత్తుకుని తిరుపతి బస్సెక్కావు.

వాడి చెప్పులు కూడా ఆ వరసలోనే ఉండిపోయాయి. ఆరేళ్ళ బిడ్డ వట్టి కాళ్ళతో మే నెల ఎండలో బస్టాండుకు పోయాడు. ఆ జత ఇప్పటికీ నా మంచం కింద ఉంది. ఈపాటికి వాడి కాలికి పట్టదనుకుంటా.

నువ్వు నన్ను రాతిగుండె మనిషి అనుకున్నావు. అనుకోవాల్సిందే. వేలూరు డాక్టరు ఆటిజం అని పేరు చెప్పినప్పుడు కూడా నేను వినలేదు. రెండు తగిలిస్తే అదే పోతుందన్నాను. మీ అమ్మ తాయెత్తు కట్టింది, నేను చెయ్యి చేసుకున్నాను. మా ఇద్దరి వైద్యం అంతే. వాడి నాలుగో పుట్టినరోజుకు బొమ్మబస్సు కొనుక్కొచ్చాను, గుర్తుందా? ముప్పై ఏళ్ళు కండక్టరు పని చేసినవాణ్ణి, నా మనవడు డ్రైవరు సీటు చూసి ముచ్చటపడతాడని ఆశపడ్డాను. వాడేమో బస్సును బోర్లా తిప్పి ఒకే చక్రం తిప్పుకుంటూ పూటంతా కూర్చున్నాడు. బస్సుతో ఆడే తీరు ఇదేనా అని లాక్కున్నాను.

ఇప్పుడు నీకు తెలియని ఒక సంగతి చెబుతాను. కోపం తెచ్చుకోకు. ఆగస్టు నుంచి ప్రతి మంగళవారం నేను తిరుపతికి వస్తున్నాను. పింఛను పని అని మీ అమ్మతో అబద్ధం చెప్పి, గిరి చదివే ఎస్తేరు టీచరమ్మ బడికి పోతున్నాను. నీకు చెప్పొద్దని ఆమెను బతిమాలింది నేనే. ఆమెను ఏమీ అనొద్దు.

మొదటి రోజు నన్ను చూడగానే వాడు రెండు చేతులతో చెంపలు కప్పుకున్నాడు. మాటలు రాకపోతే జ్ఞాపకం కూడా ఉండదనుకున్నాను. వరండాలో అట్లాగే కూలబడ్డాను. ఎస్తేరమ్మ నీళ్ళిచ్చి, ఏమీ చెయ్యొద్దు పెద్దాయనా, ఊరికే కూర్చోండి అంది. పిల్లవాణ్ణి దగ్గరికి పిలవొద్దు, మీ ఆటలోకి లాగొద్దు, ఆయప్ప ఆట పక్కన మీ ఆట మీరు ఆడుకోండి, ఇష్టమైతే ఆయప్పే వస్తాడు అని చెప్పింది.

నా ఆట నేను ఆడుకోవాలట! అరవై రెండేళ్ళ మనిషికి ఏం ఆట వస్తుంది చెప్పు? ఇంటికొచ్చి ఆలోచించాను. మరుసటి రోజు నుంచి పూతలపట్టు క్రాసులో బస్సులు ఆగే చోట జనం పారేసిన టికెట్లు ఏరడం మొదలుపెట్టాను. పూలమ్మే గంగులమ్మ ఊరుకుంటుందా? ఏం సామీ, రిటైరయినా చెకింగు మానలేదా అంది. నీకూ ఫైను రాస్తాను ఉండు అన్నాను. సంచీడు టికెట్లు పోగయ్యాయి. పచ్చవి, గులాబీవి, పసుపువి.

మంగళవారం వాడికి నాలుగు బారల దూరంలో కూర్చుని ఆ టికెట్లను రంగు ప్రకారం పేర్చుకున్నాను. వాడు చూడలేదు. ఆ పై వారమూ చూడలేదు. మూడో వారం రెండు బారల దూరానికి వచ్చి, అటు తిరిగి కూర్చున్నాడు. ఐదో వారం నేను ఒక గులాబీ టికెట్టు కొంచెం వంకరగా పెట్టాను. కావాలని చేసింది కాదు. వాడు లేచి వచ్చి, ఒక్క వేలితో దాన్ని సరిచేసి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చెకింగువాళ్ళకు ఒక్కసారీ దొరకని నన్ను నీ కొడుకు పట్టేశాడమ్మా.

ఆ తర్వాత వారం, బడి సంచిలో పెట్టుకు తిరిగే ఆ బొమ్మబస్సునే తెచ్చి నా మోకాలి పక్కన బోర్లా పెట్టి చక్రం తిప్పాడు. ఎస్తేరమ్మ దూరం నుంచే, ఇన్నేళ్ళు బస్సులో పోయినారే పెద్దాయనా, చక్రం తిరిగేది ఎప్పుడన్నా చూసినారా అని అడిగింది. నేను నేల మీద తల ఆనించి చూశాను. ఆ చక్రం అంచు మీద ఒక ఎర్రచుక్క ఉంది. తిరిగేకొద్దీ ఆ చుక్క గీత అవుతుంది, గీత గుండ్రం అవుతుంది. ఆగబోతూ మళ్ళీ చుక్క అవుతుంది. వాడు ఎదురుచూసేది ఆ ఎర్రచుక్క తిరిగి వచ్చేదానికోసం. వచ్చిన ప్రతిసారీ చేతులు ఆడించి నవ్వుతాడు. నేను కొన్న బస్సులో నాకే కనబడనిది వాడికి కనబడింది. వాడికి ఆడుకోవడం రాదని ఇంతకాలం తిట్టానే, నా నోరు పడిపోను!

మీ కష్టం నాకు తెలియక కాదు. ఇద్దరూ పనికి పోవాలి. ఇంటి ఓనరమ్మ వాడి అరుపులకు ఖాళీ చెయ్యమంటోందట. వీధి పిల్లలు బంతి ఏరి తెచ్చేదానికి మాత్రం వాణ్ణి ఆటలో చేర్చుకుని, దొరికిన బంతిని వాడు ఇవ్వకుండా తిప్పుకుంటూ కూర్చుంటే కొట్టారట. మీ అమ్మ అన్నీ చెప్పింది. జయరామ్ చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు. ఆ హాస్టలు వాళ్ళు కూడా మంచివాళ్ళే అయ్యుండొచ్చు. కానీ అల్లుడి ఉత్తరం మధ్యలో ఒక మాట ఉంది. చేర్చే రోజు పిల్లవాడికి ఇష్టమైన ఆటవస్తువు తెచ్చి ఆటలో కూర్చోబెట్టాలట. వాడు ఆటలో మునిగిపోయాక తల్లిదండ్రులు కనబడకుండా వెళ్ళిపోవాలట. అట్లయితే ఏడవడట. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచేశాను. మిగతాది రెండు రోజులు చదవలేకపోయాను.

నేనూ మీ అమ్మా తిరుపతికి వచ్చేస్తాము. చేను నరేంద్ర చూసుకుంటాడు. బడి వెనక వీధిలో ఒక గది చూశాను, మేడ మీద ఎవరూ లేరు, వాడు ఎంత అరిచినా అడిగేవాళ్ళు లేరు. పొద్దున బడికి నేను తీసుకుపోతాను, మీరు పని నుంచి వచ్చేదాకా మా దగ్గర ఉంటాడు. ఒక్క ఏడాది ఇవ్వు. నాకు చాతకాకపోతే అప్పుడు నీ ఇష్టం. గోవిందస్వామి వస్తే వాడి చెప్పులు కూడా గిరి చేతికే ఇస్తాను, చూస్తూ ఉండు.

ఇంతకంటే రాయడానికి చెయ్యి సాగడం లేదు. అల్లుడికి నా ఆశీస్సులు. గిరికి ఏమీ చెప్పొద్దు, మంగళవారం నేనే కనబడతాను.

ఇట్లు,
నీ నోట మళ్ళీ నాయనా అని పిలిపించుకోవాలని కాచుకున్న,
సుందరరాజు.

తా.క.: నిన్న ఈ ఉత్తరం అంటించేశాను. పొద్దున పోస్టు డబ్బా దాకా పోయి, వెనక్కొచ్చి కవరు విప్పాను. సగం చెప్పి నిన్ను నమ్మమంటే ఎట్లా?

నాకు తోబుట్టువులు లేరని మీకందరికీ చెప్పాను. ఉన్నాడు. ఒక తమ్ముడు. వాడి పేరు కూడా గిరే. నీ కొడుక్కి ఆ పేరు పెట్టమన్నప్పుడు కొండ దేవుడి పేరని చెప్పాను. అది అబద్ధం. వాడి పేరు ఇంట్లో మళ్ళీ ఒక్కసారి పిలవాలనే ఆశ. తర్వాత నీ బిడ్డ కూడా వరసలు పేర్చడం చూసి, పేరుతో పాటు ఆ రాతను కూడా నేనే తెచ్చిపెట్టానని భయపడ్డాను.

మా తమ్ముడు చింతగింజలు పేర్చేవాడు. మాటలు లేవు. గింజలు చేతికిస్తే పిడుగు పడినా తలెత్తేవాడు కాదు. మా ఊరు కాళహస్తి పక్క పల్లె. కరువు సంవత్సరం, నాకు పదేళ్ళు, వాడికి ఆరు. ఊళ్ళో వానలు రాకపోవడానికి కూడా వాడే కారణమని అంటుండేవారు. మా నాయన మా ఇద్దరినీ తిరుపతికి తీసుకుపోయాడు. ఒక సత్రం అరుగు మీద కూర్చోబెట్టి, గింజల మూట నా చేతికిచ్చి, నువ్వయితే వాడు వింటాడు, ఆటలో పెట్టు అన్నాడు. మొదటి గింజ నేనే పెట్టానమ్మా. వరస అరుగు సగం దాకా వచ్చాక నాయన నా భుజం తట్టాడు. నాకు తెలుసు. పదేళ్ళవాణ్ణి, నాకు అంతా తెలుసు. లేచి వచ్చేశాను. వీధి మలుపులో తిరిగి చూస్తే వాడు తలెత్తలేదు. నేను పక్కనే ఉన్నాననే అనుకుంటున్నాడు.

ఏడాది తర్వాత ఇంట్లో చెప్పకుండా పోయి చూశాను. ఆ అరుగు మీద ఎవరో పూలు కట్టుకుంటున్నారు. వాడు పెట్టిన గింజ ఒక్కటీ లేదు. మా అమ్మ బతికినన్నాళ్ళు చింతగింజ ఇంట్లో కనబడనివ్వలేదు. మీరు చిన్నప్పుడు వాటితో ఆడుకుంటే నేనూ ఎత్తి బయట పారేసేవాణ్ణి కదా. ముప్పై ఏళ్ళు ప్రమోషన్లు వద్దని, తోటివాళ్ళతో డ్యూటీలు మార్చుకుని చిత్తూరు-తిరుపతి బస్సే ఎందుకు పట్టుకుని వేలాడావని నువ్వు ఎగతాళి చేసేదానివి. ఎక్కిన ప్రతి ముఖం చూడొచ్చని. ముందు కుర్రవాళ్ళ ముఖాలు చూశాను, తర్వాత నడివయసు వాళ్ళవి, చివరికి ముసలివాళ్ళవి. దొరకలేదు.

మన గిరి పేర్చిన చెప్పుల వరస నేను తన్నింది వాడి మీద అసహ్యంతో కాదు. ఆ పేర్చడం మాన్పించేస్తే ఎవరూ వాణ్ణి ఎక్కడా వదిలిరారని. ఆ తర్వాత నా నోటితో నేనే వదిలిరమ్మన్నాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు. నేనే చెబుతాను.

పోయిన మంగళవారం మన గిరి ఆటలో పడ్డాడు. బస్సుకు వేళయిందని ఎస్తేరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆయప్పకు తెలియదులే, మీరు పోండి అంది. నేను లేవలేదు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, బస్సు పోయింది, ఇంకో బస్సూ పోయింది. టికెట్లన్నీ అయిపోయాక వాడు తలెత్తి పక్కకు చూశాడు. నేను అక్కడే ఉన్నాను.