వెనక సీటు బేరం

సోమవారం

ప్రియమైన దీనమ్మకి,

ప్రభువు నామంలో వందనాలు. నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఐదో తరగతి చదువు, ఆపైన ముప్పై ఏళ్ళు ట్రాక్టరు తోలిన చెయ్యి. ఫోనులో నీకు వినపడదు, నాకు మాట రాదు. అందుకే ఉత్తరం.

నిన్న రాజమండ్రి వెళ్ళి, పాత కార్లమ్మే చోట ధరలు అడిగాను. కొత్త కార్లు అందనంత పెరిగాయని జనమంతా పాతవాటి మీద పడ్డారట. ఏడేళ్ళ బండికి మూడు లక్షల ఇరవై వేలన్నాడు. మీటరు చూస్తే ముప్పై వేల కిలోమీటర్లే. బ్రేకు పెడలు మీద రబ్బరు మాత్రం నున్నగా అరిగిపోయింది. మీటరు వెనక్కి తిప్పారన్న మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా అతను టీ ఇప్పించాడు. టీ తాగాక ఇంకేం అంటాం? వస్తానండీ అని వచ్చేశాను. బస్సులో మాత్రం దారంతా ఆ మాట అనుకుంటూనే ఉన్నాను.

వారానికి రెండుసార్లు ఆటోలో నలభై కిలోమీటర్లు తట్టుకోలేవనే కదా, నిన్ను కాకినాడలో మీ చెల్లెలింట్లో ఉంచింది. డయాలసిస్ అయ్యాక వెనక సీట్లో పడుకుని రావడానికి కారొకటి ఉంటే నువ్వు మనింట్లోనే ఉండొచ్చు. గేదెనమ్మిన డబ్బు, నీ చేపల గంప డబ్బు కలిపి రెండున్నర లక్షలున్నాయి. చూస్తున్నాను.

నీ కరివేపాకు మొక్కకి రోజూ నీళ్ళు పోస్తున్నాను. వెంటనే జవాబు రాయి.

నీ బావ
ఆశీర్వాదం


శనివారం

ప్రియమైన బావకి,

దీనమ్మ వందనాలు. నువ్వు తువ్వాలు కొనడానికి వెళ్ళినా కొట్టువాడు చెప్పిందిచ్చి, పైగా వాడికే దండం పెట్టి వచ్చే మనిషివి. నేను ఊరూరా తిరిగి చేపలమ్మినదాన్ని, నా మాట విను. కారు ఎవరికోసమో చెప్పకు. ఇంట్లో రోగముందని తెలిస్తే ధర దిగదు. ఫలానా ఇంట్లో చుట్టాలొచ్చారని తెలిస్తే నేనూ చందువ చేపకి పది ఎక్కువే చెప్పేదాన్ని, దేవుడు క్షమించాలి. వంక కనిపిస్తే పైకి అను. కుదరకపోతే లేచి నడువు. వెనక్కి తిరిగి చూడకు.

ఇక్కడ చెల్లెలు నన్ను ఒక్క మాట అనదు. అనకపోవడమే బరువుగా ఉంది. మంచం నాకిచ్చి తను కింద పడుకుంటోంది. నిన్న మిషను మీంచి లేచాక కాస్త కళ్ళు తిరిగాయి, ఏం కాలేదులే. మన పెరటి గుమ్మంలో కూర్చోవాలనుంది. అంతే.

నీ
దీనమ్మ


బుధవారం

ప్రియమైన దీనమ్మకి,

ద్రాక్షారామం పక్కన గంగరాజు గారని ఓ రైతు, నా ఈడువారే. తెల్ల ఆల్టోకి అమ్మకానికని అట్టముక్క కట్టి పెట్టారు. రెండు లక్షల తొంభై వేలన్నారు. నువ్వు చెప్పినట్టే ఎవరికోసమో నోరు విప్పలేదు. వెనక తలుపు తీసి, సీట్లో పడుకుని చూశాను. మోకాళ్ళు కాస్త మడిస్తే నీకు సరిపోతుంది. తర్వాత ఇంజను విన్నాను, బాగుంది. వంక దొరకలేదు. దొరకనప్పుడు ఏమనాలో నువ్వు రాయలేదు.

లేచి నడిచాను. గేటు దాటినా ఆయన పిలవలేదు. నేనే తిరిగి చూశాను. ఆయన కారు మీద చెయ్యేసి అలాగే నిలబడి ఉన్నారు. ఆదివారం ఓసారి రండన్నారు.

అలిసిపోకు. వేళకి తిను.

నీ బావ
ఆశీర్వాదం


శుక్రవారం

ప్రియమైన బావకి,

తిరిగి చూస్తావని నాకు ముందే తెలుసు.

రెండున్నర దాటితే వద్దు. అప్పు చేసి కొన్న కారు నేనెక్కను. ఈసారి కుదరకపోతే ఇక వెతకొద్దు, నువ్వూ అలిసిపోయావు. నేనిక్కడే ఉండిపోతాను. అలవాటవుతుంది.

దీనమ్మ


సోమవారం

ప్రియమైన దీనమ్మకి,

నిన్న చర్చి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళాను. ఆయన రెండు ఎనభై అన్నారు. ఏం చెప్పాలో తెలియక భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతున్నాను. అది చూసి, ఎడ్ల సంతకి వెళ్ళేవారా అనడిగారు. మా నాన్నతో వెళ్ళేవాణ్ణన్నాను. అయితే అలాగే కానివ్వండని చెయ్యి చాపారు.

సంతలో ఎడ్ల ధర పైకి చెప్పరు కదా, తువ్వాలు కప్పి వేళ్ళు పట్టుకుంటారు. లక్షలకి రెండు వేళ్ళు పట్టుకున్నాను. తర్వాత, పదివేలకొకటి చొప్పున, ఐదు వేళ్ళూ. దీనమ్మా, నోటికి రాని మాట వేళ్ళకి వచ్చింది. ఆయన వేళ్ళతోనే ఏడన్నారు, అంటే రెండు డెబ్బై. నేను మళ్ళీ ఐదే. మూడుసార్లు అలాగే జరిగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది, కానీ నా చెయ్యి వదల్లేదు.

"కాకినాడేనా అండి?" అన్నారు.

నేను తలెత్తి ఆయన మొహంలోకి చూశాను.

"కారు కొనేవాడు ముందు ఇంజను చూస్తాడండి. మీరు వెనక సీట్లో పడుకుని చూశారు. నేనూ అలాగే చూసి కొన్నాను, మా ఆవిడ వెంకటదుర్గ కోసం. మంగళ, శుక్రవారాలు డయాలసిస్‌కి. పోయిన శ్రావణంలో అయిపోయింది."

అప్పుడు నీ పేరు చెప్పాను. చెప్పొద్దన్నావు, తెలుసు.

తువ్వాలు కింద ఆయన నా ఐదు వేళ్ళూ పట్టుకున్నారు. రెండున్నరకే, రూపాయి దాటలేదు. కానీ తువ్వాలు తీశాక ఇంకో మాటన్నారు.

"ఆ ఇరవై వేలు నా చార్జీ అనుకోండి. మీరు కాకినాడ వెళ్ళే రోజుల్లో నన్నూ ముందు సీట్లో ఎక్కించుకోండి. ఆ రెండు రోజులూ పొద్దున్నే లేచి తయారైపోతున్నానండి. తయారయ్యాక ఎక్కడికెళ్ళాలో తెలియట్లేదు."

నిన్ను అడగకుండా సరేననేశాను. పెట్రోలు సంగతి ఎత్తడానికి సిగ్గేసింది.

ఇవాళ బ్యాంకులో డబ్బు తీసి ఇచ్చాను. కారు మన గుమ్మంలో ఉంది. వెనక సీటు మీద ఆవిడ దుప్పటి ఆయనే మడిచిపెట్టి ఇచ్చారు. ఉతికి ఆరేశాను. శుక్రవారం మిషను అయ్యాక నిన్ను ఇంటికి తెచ్చేస్తాను. పరాయి మనిషి ముందు కూర్చుంటే పడుకోవడానికి నీకు ఇబ్బందేమో. వద్దంటే వద్దను. ఆ ఇరవై వేలూ అప్పు లేకుండా, కూలికి ట్రాక్టరు తోలైనా తీర్చేస్తాను.

కానీ శుక్రవారం తెల్లారేసరికి ఆయన తయారై గేటు దగ్గర నిలబడి ఉంటారు. అందుకని ఈ ఒక్కసారి తొందరగా జవాబు రాయి.

నీ బావ
ఆశీర్వాదం