కాళ్లు కరిగించేది, నోరు నింపేది

బావా, నేను డ్యూటీకి పోతున్నాను. సూపు పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తాగు. కేకు కోసం ఫ్రిజ్ గాలించకు, పక్కింటి అక్కకిచ్చేశాను.

నీ వాకింగ్ చొక్కా ఉతకబోతే జేబులోంచి గుప్పెడు బిస్కెట్ పొడి రాలింది. పార్కు చుట్టూ తిరగడం, గేటు పక్క బేకరీలో కూలబడటం! అబ్బో, ఏం కసరత్తు బావా! కాళ్లు కరిగించిందంతా నోరు మళ్లీ నింపేస్తోంది. పైగా "రోజూ నడుస్తున్నాగా, ఎందుకు తగ్గట్లేదు?" అని డాక్టర్నే నిలదీశావు. పాపం, ఆయన బిత్తరపోయాడు.

బరువు తగ్గితేగానీ మోకాలి ఆపరేషన్ చెయ్యనన్నాడు. నువ్వు మెట్లెక్కుతూ పళ్లు బిగబట్టడం నేను చూడట్లేదనుకోకు.

సాయంత్రం వాకింగ్‌కి నేనూ వస్తాను. కాపలాకేం కాదులే. నీ పక్కన నడిచి ఎన్నాళ్లయిందో.