తేనెటీగలకు చెప్పిన మాట

ఇంగ్లండులో కార్న్‌వాల్ సముద్రపొడ్డున ఉండే టామ్సిన్ ట్రెవెల్లాని నేను, డెబ్భై ఒకటో ఏడు. ఇంట్లో నేనూ, కోడలు లవ్‌డే, ఆరు తేనెటీగల పెట్టెలూ. ఓడ మీదున్న నా కొడుకు జోరీకి ఈ ఉత్తరం లవ్‌డే చేత రాయిస్తున్నాను. క్షేమమే.

నిరుడు మన పక్కన పోరాడిన ఫ్రెంచివాళ్ళు ఈ ఏడు మన మీదికే వచ్చారు కదా. ఇంట్లో ఎవరు పోయినా ఈగలకు చెప్పాలన్న ఆనవాయితీ ప్రకారం నీ మేనమామ పోయిన కబురు తేనెటీగలకు చెప్పి, పెట్టెలకు నల్లగుడ్డలు కట్టాను. కాపలాకొచ్చిన లండన్ జవాను పిమ్ చూశాడు.

"ఏయ్ ముసలమ్మా, ఫ్రెంచి ఓడలకా ఈ సైగలు?"

"ఈగలకు నాయనా. నమ్మకపోతే విప్పి చూడు."

విప్పాడు. మొహం గుమ్మడికాయైంది. కుట్టినచోటల్లా ఉల్లిపాయ రుద్దాను. అప్పటికే అతని పై అధికారి, నేను శత్రువులకు సైగలు చేస్తున్నానని ఫిర్యాదు పంపేశాడు. సోమవారం విచారణ. ఓడితే ఇల్లు ఖాళీ చేయిస్తారట.

ఇది మన ఆచారమని మీ కెప్టెన్ చేత ఒక ముక్క రాయించు. నే పంపిన మేజోళ్ళు సరిపోయాయా? మేక ఈనింది.

మనం ఇక్కణ్ణించి కదలమని ఈగలకు చెప్పేశాను. వాటికి అబద్ధం చెప్పకూడదు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

టామ్సిన్ వేలిముద్ర.
సాక్షులు: లవ్‌డే, రాసింది. జవాను పిమ్, ఒక కన్ను తెరుచుకున్నాక సంతకం పెట్టాడు.